ఏఆర్-15కి అప్పర్, సైటు, మౌంట్: ఎంచుకోవడం నుంచి జీరో చేసేదాకా

కొత్తగా ఏఆర్-15 కొన్న మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న "ఏ స్కోపు కొనమంటారు?" అని. నేను మాత్రం ముందు ఇంకోటి అడుగుతాను: ఆ స్కోపుని దేనితో బిగిస్తారు, దేనిమీద బిగిస్తారు? రేంజ్‌లో గుళ్ళు చెదిరిపోతున్నాయని టెన్షన్ పడేవాళ్ళ రైఫిళ్ళు చూస్తే, చాలాసార్లు అద్దంలో లోపం ఉండదు. లోపమంతా జాయింట్లలో ఉంటుంది. బ్యారెల్ రిసీవర్‌లో (రైఫిల్ మధ్యలోని పెట్టెలాంటి భాగం) కూర్చునే చోటు ఒకటి, మౌంట్ (సైటుని పట్టి ఉంచే బిగింపు) రైల్‌ని (రైఫిల్ పైన ఉండే గాట్ల పట్టీ) పట్టుకునే చోటు రెండోది, రింగులు స్కోపు ట్యూబుని పట్టుకునే చోటు మూడోది. ఈ మూడూ కదలకపోతే మధ్యరకం స్కోపు కూడా ఏళ్ళతరబడి గురి నిలబెడుతుంది. వీటిలో ఏ ఒక్కటి కదిలినా ఎంత ఖరీదైన స్కోపైనా ఏమీ చేయలేదు.

ఈ మార్గదర్శి అమెరికాలో చట్టబద్ధంగా రైఫిల్ ఉంచుకుని టార్గెట్ షూటింగ్, పోటీలు, వేట కోసం వాడేవాళ్ళకి. నేను చెప్పే వరుస దుకాణంలో చెప్పే వరుసకి తలకిందులుగా ఉంటుంది: ముందు పని, తర్వాత క్యాలిబర్, ఆ తర్వాత అప్పర్ (బ్యారెల్ బిగించి ఉండే పై సగం), దాని మీద సైటు, సైటుకి తగిన మౌంట్.

మొదలుపెట్టే ముందు చట్టం సంగతి

ఫెడరల్ చట్టం దృష్టిలో ఏఆర్-15లో "తుపాకి" అంటే సీరియల్ నంబరు ఉన్న లోయర్ రిసీవర్, అంటే కింది సగం. అప్పర్ ఒక విడిభాగం మాత్రమే. అందుకే చాలా రాష్ట్రాల్లో అప్పర్ ఆర్డర్ పెడితే నేరుగా ఇంటికే వస్తుంది. అలా వచ్చింది కదా అని ఎవరైనా కొనవచ్చనుకోకండి.

ఎఫ్-1, హెచ్-1బీ, ఎల్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తేల్చుకోండి, వాట్సాప్ గ్రూపులో కాదు. ఐ-140 (ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డుకి వేసే పిటిషన్) అప్రూవ్ అయినంత మాత్రాన గ్రీన్ కార్డు చేతికొచ్చినట్టు కాదు. ఈ విషయంలో పొరపాటు జరిగితే పోయేది రైఫిల్ ఒక్కటే కాదు, ఇమిగ్రేషన్ కూడా.

రాష్ట్ర చట్టాలు వేరే లోకం. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, వాషింగ్టన్ లాంటి చోట్ల ఏఆర్ తరహా రైఫిళ్ళ మీద నిషేధాలో గట్టి ఆంక్షలో ఉన్నాయి. కొన్నిచోట్ల బ్యారెల్ చివర మరలు ఉండటం, ఫ్లాష్ హైడర్ (కాల్చినప్పుడు వచ్చే మంటని తగ్గించే ముక్క) ఉండటం కూడా లెక్కలోకి వస్తాయి. ఫెడరల్ స్థాయిలో గుర్తుంచుకోవాల్సిన గీత 16 అంగుళాలు. రైఫిల్ బ్యారెల్ అంతకంటే పొట్టిగా ఉంటే 1934 నాటి నేషనల్ ఫైర్ఆర్మ్స్ యాక్ట్ కింద ముందే రిజిస్టర్ చేయించాలి. తక్కువకి వస్తోందని పొట్టి అప్పర్ కొని, ఒంటరి రైఫిల్ లోయర్ పక్కన పెట్టుకోవద్దు.

మనవాళ్ళకి ఇంకొక్క మాట. రేంజ్‌కి తీసుకెళ్ళే సంచిని ఇండియా ప్రయాణానికి అస్సలు వాడకండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడినా ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. 1959 నాటి ఆ చట్టంలో తుపాకీ విడిభాగాలు కూడా ఆయుధాలే. రైఫిల్ స్కోపుల మీద అమెరికా ఎగుమతి నియంత్రణలూ ఉన్నాయి కాబట్టి "మా బావకి ఒక స్కోపు తెస్తాను" అని సూట్‌కేసులో పెట్టుకోవడం కుదరదు.

1. పనిని ఒక వాక్యంలో రాసుకోండి

"అన్నిటికీ పనికొచ్చేలా" అని రాస్తే అది పని కిందికి రాదు. "నెలకోసారి 100 గజాల రేంజ్‌లో కాగితం మీద కాల్చాలి" అనేది పని. "టెక్సాస్ పొలాల్లో సాయంత్రం వేళ 150 గజాల లోపు అడవి పందులు" అనేది పని. "సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ వాళ్ళ సర్వీస్ రైఫిల్ పోటీలు" అనేది ఇంకా స్పష్టమైన పని. ఎందుకంటే అక్కడ నియమాలే సగం ఎంపిక చేసేస్తాయి: సైనిక రైఫిల్ ఆకారం ఉండాలి, స్కోపు గరిష్ఠంగా 4.5 రెట్లు. 2016 దాకా ఆ పోటీల్లో ఐరన్ సైట్లు (అద్దం లేని లోహపు సైట్లు) మాత్రమే ఉండేవి. కళ్ళద్దాలు వచ్చిన వయసువాళ్ళకి ఆ మార్పు నిజంగా మేలు చేసింది.

పోటీల ఆలోచన ఏమాత్రం ఉన్నా నియమావళి చదవకుండా ఏదీ కొనకండి. వేట అయితే మీ రాష్ట్రంలో ఏ జంతువుకి ఏ క్యాలిబర్ అనుమతిస్తారో చూడండి. .223ని జింక వేటకి ఒప్పుకోని రాష్ట్రాలున్నాయి.

2. క్యాలిబర్, చాంబర్, ట్విస్ట్

మొదటి అప్పర్‌కి 5.56 తరహానే తీసుకోండి. మందుగుండు ఎక్కడైనా దొరుకుతుంది, విడిభాగాలు దొరుకుతాయి, రైఫిల్ వెనక్కి తన్నడం తక్కువ కాబట్టి అభ్యాసం ఎక్కువ చేయగలుగుతారు.

చాంబర్ (రౌండ్ కూర్చునే గది) మీద మూడు రకాల రాతలు కనబడతాయి: .223 రెమింగ్టన్, 5.56 నాటో, .223 వైల్డ్. బయటికి రౌండ్లు ఒకేలా ఉంటాయి గానీ 5.56 చాంబర్లో రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాళ్ళు) మొదలయ్యే ముందు ఖాళీ ఎక్కువ. అందువల్ల 5.56 చాంబర్లో .223 కాల్చవచ్చు. .223 రెమింగ్టన్ అని మాత్రమే ఉన్న చాంబర్లో 5.56 కాల్చకూడదు, పీడనం హద్దు దాటవచ్చు. వైల్డ్ చాంబర్ రెండిటినీ తీసుకుంటూ, టార్గెట్ తూటాలతో మంచి గుంపులు (గుండ్లు దగ్గరదగ్గరగా పడటం) ఇచ్చేలా రూపొందించినది. కాగితం మీద గుంపు చూసుకుని సంతోషించేవాళ్ళకి నా సలహా వైల్డే.

ట్విస్ట్ అంటే తూటా ఒక చుట్టు తిరగడానికి బ్యారెల్‌లో ఎన్ని అంగుళాలు పడుతుందన్న లెక్క. 1:9 అయితే 55 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) నుంచి దాదాపు 69 గ్రెయిన్ల దాకా సాఫీగా నడుస్తుంది. 1:8 అయితే 77 గ్రెయిన్ల దాకా, 1:7 అయితే ఇంకా పొడవైన తూటాలకీ సరిపోతుంది. 1:8 కొంటే తప్పు కొన్నామన్న బాధ ఉండదు.

ఇక ప్రాణాల మీదికొచ్చే సంగతి. .300 బ్లాకౌట్ కూడా అదే బోల్టు (చాంబర్‌ని వెనక నుంచి మూసే భాగం), అదే మ్యాగజైన్ వాడుతుంది. అందుకే చాలామంది రెండో అప్పర్‌గా కొంటారు. కానీ .300 బ్లాకౌట్ రౌండ్ 5.56 చాంబర్లోకి దూరి బోల్టు మూసుకుపోయే అవకాశం ఉంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే .30 క్యాలిబర్ తూటా .22 రంధ్రంలో ఇరుక్కుని రైఫిల్ పేలిపోతుంది. ఇలా ముక్కలైన రైఫిళ్ళ ఫోటోలు నెట్‌లో కావలసినన్ని ఉన్నాయి. రెండు క్యాలిబర్లూ ఉన్న ఇంట్లో మ్యాగజైన్లు వేరే రంగువి ఉండాలి, డబ్బాలు వేరుగా ఉండాలి, ఒక రోజు రేంజ్‌కి ఒక్క క్యాలిబరే వెళ్ళాలి. ఈ క్రమశిక్షణ కుదరదనుకుంటే .300 బ్లాకౌట్ జోలికి పోవద్దు.

3. అప్పర్ రిసీవర్

ఏఆర్‌లో బ్యారెల్ అప్పర్‌కే బిగించి ఉంటుంది, సైటూ అప్పర్ మీదే కూర్చుంటుంది. లోయర్‌లో ఉండేది ట్రిగ్గర్, మ్యాగజైన్ పట్టే చోటు, స్టాక్. అందుకే అప్పర్‌కీ లోయర్‌కీ మధ్య కాస్త లొడలొడ ఉన్నా గురికి పెద్ద నష్టం లేదు. రబ్బరు ముక్కలు పెట్టి ఆ లొడలొడ పోగొట్టడానికి తిప్పలు పడేవాళ్ళని చూస్తే ఆ శ్రద్ధంతా మౌంట్ మీద పెడితే బాగుండుననిపిస్తుంది. జీరో చేసిన (గురి పెట్టిన చోటే గుండు తగిలేలా సైటు సర్దిన) అప్పర్‌ని తీసి మళ్ళీ పెట్టినా జీరో దాదాపు అలాగే ఉండటానికి కారణం కూడా ఇదే.

యూజీన్ స్టోనర్ 1950లలో ఆర్మలైట్‌లో ఈ డిజైన్ చేసినప్పుడు పైన క్యారీ హ్యాండిల్, దాని వెనక భాగంలోనే సైటు ఉండేవి. వాటిని ఏ1, ఏ2 తరహా అంటారు. ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఏ4, అంటే ఫ్లాట్‌టాప్: హ్యాండిల్ ఉండదు, పైన చదునైన పికాటినీ రైల్ ఉంటుంది. పాతకాలం రైఫిల్ రూపం మీద ప్రేమ ఉంటే తప్ప ఫ్లాట్‌టాపే తీసుకోండి. క్యారీ హ్యాండిల్ మీద స్కోపు బిగిస్తే చెంప స్టాక్‌కి ఆనదు, గడ్డం గాలిలో ఉంటుంది.

లోహం విషయంలో 7075-టీ6 అల్యూమినియం ఫోర్జింగ్, దానికి హార్డ్‌కోట్ ఆనోడైజింగ్ ఉంటే చాలు. దిమ్మ నుంచి చెక్కిన బిల్లెట్ రిసీవర్లు అందంగా ఉంటాయి, గోడలు మందంగా ఉంటే గట్టిదనం కాస్త ఎక్కువ. కానీ కొన్ని బిల్లెట్ అప్పర్ల అంచు, ఫోర్జ్‌డ్ లోయర్ అంచు ఒకదానితో ఒకటి కలవవు. బిల్లెట్ అని ధర పెంచిన చోట ఆ డబ్బు బ్యారెల్‌కి మళ్ళించడం మేలు.

ఫార్వర్డ్ అసిస్ట్ (బోల్టుని ముందుకి తోసే బటన్) లేని "స్లిక్ సైడ్" రకాలు తేలిక. కాగితం మీద కాల్చేవాళ్ళకి ఆ బటన్ లేకపోయినా నష్టం లేదు. రౌండ్ మూసుకోకపోతే దాన్ని బలవంతంగా లోపలికి తోయడం కన్నా బయటికి తీసి చూడటం మంచిది. ఎడమచేతి వాటం వాళ్ళు మాత్రం ఖాళీ గొట్టాలని ముఖం వైపు రానివ్వని బ్రాస్ డిఫ్లెక్టర్ ఉన్నదే చూసుకోండి.

మొదటిసారి కొనేవాళ్ళు కంప్లీట్ అప్పర్ కొనడం మంచిది. బ్యారెల్ నట్ బిగించడం, గ్యాస్ బ్లాక్ (బ్యారెల్ నుంచి గ్యాస్‌ని మళ్ళించే ముక్క) సరిగ్గా కూర్చోబెట్టడం, హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకీ చాంబర్‌కీ మధ్య రౌండ్‌కి ఉండే చోటు) గేజ్‌తో చూడటం ఫ్యాక్టరీలోనో గన్‌స్మిత్ దగ్గరో జరగాలి. బోల్టు క్యారియర్ గ్రూపు (బోల్టు, దాన్ని మోసే క్యారియర్), చార్జింగ్ హ్యాండిల్ (బోల్టుని వెనక్కి లాగే పిడి) "కంప్లీట్" అన్న మాటలో ఉన్నాయో లేదో చదవండి, చాలాసార్లు ఉండవు. బోల్టు వేరేచోట కొంటే హెడ్‌స్పేస్ చూపించాకే కాల్చండి.

చేతికి వచ్చాక ఇవి చూడండి. బ్యారెల్ వెనక భాగంలోని ఫీడ్ ర్యాంపులు, రిసీవర్‌లో చెక్కిన ర్యాంపులు మెట్టు లేకుండా ఒకదానిలోకి ఒకటి జారాలి. క్యారియర్ పైన ఉన్న గ్యాస్ కీ స్క్రూల చుట్టూ లోహాన్ని గట్టిగా నొక్కి ఉండాలి, దీన్నే స్టేకింగ్ అంటారు. అది లేకపోతే స్క్రూలు వదులై రైఫిల్ ఆగిఆగి పనిచేస్తుంది. రైల్ మీద గాట్లు చెక్కిన అంచులు శుభ్రంగా, దెబ్బలు లేకుండా ఉండాలి.

బ్యారెల్ పొడవు 16 అంగుళాలైతే గ్యాస్ సిస్టమ్ (కాల్చినప్పుడు వచ్చే గ్యాస్‌తో బోల్టుని నడిపే ఏర్పాటు) మిడ్-లెంగ్త్ తీసుకోండి. కార్బైన్ లెంగ్త్ కన్నా మెత్తగా నడుస్తుంది. 20 అంగుళాల బ్యారెల్‌కి రైఫిల్ లెంగ్త్. హ్యాండ్‌గార్డ్ (ముందు చెయ్యి పట్టుకునే భాగం) ఫ్రీ-ఫ్లోట్ అయి ఉండాలి, అంటే బ్యారెల్‌ని తాకకుండా రిసీవర్ దగ్గర మాత్రమే బిగించి ఉండాలి. బైపాడ్ (రెండు కాళ్ళ ఆసరా) మీద వాల్చినా, స్లింగ్ (భుజానికి వేసుకునే పట్టీ) లాగినా ఆ బలం బ్యారెల్ మీద పడదు.

4. మీ కంటికి తగిన సైటు

ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టినవాళ్ళకి ఐరన్ సైట్లు కొత్త కాదు. ముందు పోస్ట్ మీద చూపు నిలపడం, వెనక రంధ్రం తనంతట తాను మసకగా ఉండనివ్వడం. ఈ అలవాటు ఇప్పటికీ గొప్ప పునాది, కాబట్టి ఒక మడత సైట్ల జత ఉంచుకోండి. కొనేటప్పుడు ఒక తిరకాసు ఉంది: ముందు సైటు హ్యాండ్‌గార్డ్ రైల్ మీద పెట్టేదా, గ్యాస్ బ్లాక్ మీద పెట్టేదా అన్నది చూసుకోండి. గ్యాస్ బ్లాక్ కొంచెం కిందుంటుంది కాబట్టి ఆ సైట్ల ఎత్తు వేరు. తప్పుది కొంటే ఎంత తిప్పినా ఎత్తు కుదరదు.

రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపే సైటు) 100 గజాల లోపు వేగంగా కాల్చడానికి. కన్ను ఎక్కడున్నా దాదాపు చుక్క ఉన్నచోటికే గుండు పోతుంది, కంటి దూరం (సైటుకీ కంటికీ మధ్య ఉండాల్సిన దూరం) బాధ లేదు. అయితే ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్ళకి ఆ చుక్క గుండ్రంగా కాకుండా తోక చుక్కలానో ద్రాక్ష గుత్తిలానో కనబడుతుంది. దుకాణంలోనే వెలుగు తగ్గించి చూడండి. ఫోన్ కెమెరాతో చూస్తే చుక్క గుండ్రంగా ఉండి, కంటికి మాత్రం చెదిరి ఉంటే తేడా మీ కంట్లో ఉన్నట్టు. అలాంటివాళ్ళకి ప్రిజం సైటు మంచి దారి. దాని గుర్తు అద్దం మీద చెక్కి ఉంటుంది కాబట్టి అంతగా చెదరదు, బ్యాటరీ పోయినా కనబడుతుంది, ఐపీస్ తిప్పి కంటికి సర్దుకోవచ్చు.

1-6, 1-8 రెట్ల స్కోపులని ఎల్‌పీవీఓ అంటారు. దగ్గరా దూరమూ రెండూ ఉన్నవాళ్ళకి ఇవి. బరువు ఎక్కువ, కంటి దూరం పట్టించుకోవాలి. 100 గజాలు దాటి ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకి నేను సిఫారసు చేయను. బెంచ్ మీద కూర్చుని గుంపులు కొలుచుకునేవాళ్ళకి 3-9 లేదా 4-16 మామూలు స్కోపే హాయి.

టరెట్లు (గురి సర్దే గుబ్బలు), లోపలి గీతలు ఒకే కొలతలో ఉండాలన్నది మాత్రం తప్పనిసరి. ఎంఓఏ, మిల్ అనేవి రెండూ కోణం కొలతలు. ఎంఓఏ గీతలకి ఎంఓఏ టరెట్, మిల్ గీతలకి మిల్ టరెట్. ఒక ఎంఓఏ 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, ఒక 0.1 మిల్ క్లిక్ అదే దూరంలో 0.36 అంగుళాలు.

5. మౌంట్: తొందరపడకూడని మెట్టు

ఏఆర్ స్టాక్ బ్యారెల్‌కి తిన్నగా వెనకే ఉంటుంది, కిందికి వంగి ఉండదు. చెంప ఆనించినప్పుడు కన్ను బ్యారెల్ కన్నా బాగా పైన ఉంటుంది. అందుకే బోల్ట్ యాక్షన్ రైఫిల్ రింగులు తెచ్చి దీనిమీద పెడితే మెడ నలిగిపోతుంది.

ఎత్తుని రైల్ పైభాగం నుంచి సైటు మధ్య గీత దాకా కొలుస్తారు. రెడ్ డాట్లకి సుమారు 1.41 అంగుళాలైతే ఐరన్ సైట్లూ చుక్కా ఒకే గీతలో వస్తాయి, దీన్ని అబ్సొల్యూట్ కో-విట్నెస్ అంటారు. సుమారు 1.6 దగ్గర ఐరన్ సైట్లు కిటికీ కింది మూడో వంతులో ఉంటాయి, అది లోయర్ థర్డ్. మడవని ముందు సైటు ఉన్నవాళ్ళకి లోయర్ థర్డ్ హాయిగా ఉంటుంది. స్కోపులకి 1.5 అంగుళాల చుట్టుపక్కల ఉన్న మౌంటు చాలామంది మెడకి సరిపోతుంది. 1.93 లాంటి ఎత్తైనవి నిలబడి కాల్చేవాళ్ళకి బాగుంటాయి. పడుకుని కాల్చేవాళ్ళకి మాత్రం చెంప ఆసరా పోతుంది.

రైల్ విషయం. పికాటినీ ప్రమాణం 1995లో వచ్చింది. గాటు వెడల్పు 0.206 అంగుళాలు, గాటు నుంచి గాటుకి 0.394 అంగుళాలు. పాత వీవర్ గాట్లు 0.180 వెడల్పు. అందువల్ల వీవర్ రింగులు పికాటినీ మీద సాధారణంగా కూర్చుంటాయి, పికాటినీ మౌంట్ వీవర్ రైల్ మీద కూర్చోదు. వాడిన సరుకు కొనేటప్పుడు ఇది చూసుకోండి.

స్కోపుకి రెండు విడి రింగులు వద్దు, ఒకే ముక్కగా ఉన్న క్యాంటిలీవర్ మౌంట్ తీసుకోండి. మామూలు స్కోపుకి కన్ను మూడున్నర, నాలుగు అంగుళాల వెనక ఉండాలి. ఆ దూరం కుదరాలంటే ఏఆర్ మీద స్కోపుని బాగా ముందుకి జరపాలి. రిసీవర్ రైల్ అంత ముందుకి లేదు. విడి రింగులతో ముందు రింగు హ్యాండ్‌గార్డ్ మీదికి పోతుంది, అదే అసలు తప్పు. హ్యాండ్‌గార్డ్ స్లింగ్ లాగితే వంగుతుంది, ఆ వంపు నేరుగా స్కోపు ట్యూబు మీద పడుతుంది. క్యాంటిలీవర్ మౌంట్ పాదం రిసీవర్ మీదే ఉండి, రింగులు ముందుకి చాచుకుని ఉంటాయి. మౌంట్ ఏదైనా రిసీవర్‌కీ హ్యాండ్‌గార్డ్‌కీ మధ్య వంతెనలా పడకూడదు.

ట్యూబు వ్యాసం ఒక అంగుళం, 30 మిల్లీమీటర్లు, 34 మిల్లీమీటర్లలో ఏదో స్కోపు మీద చూసి అదే మౌంట్ కొనండి. ఒక అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. 30 రింగులో దాన్ని కాగితం చుట్టి బిగించే ప్రయత్నం చేయకండి. రెడ్ డాట్లకి అడుగున ఉన్న స్క్రూల అమరిక, అంటే ఫుట్‌ప్రింట్, మౌంట్‌తో సరిపోవాలి. ఎయిమ్‌పాయింట్ మైక్రో అమరిక చాలామంది తయారీదారులు వాడతారు కాబట్టి దానికి మౌంట్లు సులభంగా దొరుకుతాయి.

క్విక్ డిటాచ్ లీవర్లా, నట్లా? స్కోపు తీసి ఐరన్ సైట్లు వాడే అవసరం నిజంగా ఉంటే మంచి లీవర్ మౌంట్ కొనండి. లేకపోతే నట్లే నమ్మకం, తేలిక, చవక. బడ్జెట్ వేసేటప్పుడు స్కోపు ధరలో కనీసం పావు వంతు మౌంట్‌కి పక్కన పెట్టండి.

6. బిగించే వరుస

మ్యాగజైన్ తీసేయండి, చాంబర్ కంటితోనూ వేలితోనూ చూడండి, తూటాలు వేరే గదిలో ఉంచండి. అప్పర్‌ని లోయర్ నుంచి విడదీసినప్పుడు ట్రిగ్గర్ నొక్కి హ్యామర్‌ని వదలకండి. ముందు అడ్డు లేక అది వచ్చి బోల్ట్ క్యాచ్‌ని కొడుతుంది.

రైల్, మౌంట్ పాదం, రింగుల లోపలి భాగం, స్క్రూలు అన్నిటినీ ఆల్కహాల్‌తో తుడవండి. నూనె ఉన్న చోట పట్టు ఉండదు, టార్క్ లెక్కా తప్పుతుంది. మౌంట్‌ని రిసీవర్ మీద గాట్లలో పెట్టి, బ్యారెల్ వైపు ముందుకి గట్టిగా తోసి పట్టుకుని అప్పుడు బిగించండి. కాల్చినప్పుడు మౌంట్ జరిగే ఖాళీ లేకుండా గాటు గోడకి ఆనుకుని ఉండాలి.

టార్క్ రెంచ్ ఇంచ్-పౌండ్లది కావాలి. కారు టైర్లకి వాడే ఫుట్-పౌండ్ల రెంచ్ ఇక్కడ స్కోపుని నలిపేస్తుంది. రైల్‌ని పట్టే నట్లకి చాలామంది తయారీదారులు 65 ఇంచ్-పౌండ్ల ప్రాంతంలో చెబుతారు. రింగు స్క్రూలకి 15 నుంచి 18. మీ మౌంట్ కాగితం మీద ఉన్న అంకెదే చివరి మాట. థ్రెడ్‌లాకర్ (మరలు వదులు కాకుండా రాసే జిగురు) రింగు స్క్రూలకి తయారీదారు చెబితేనే వాడండి. అది పచ్చిగా ఉన్నప్పుడు నూనెలా జారి, అదే టార్క్‌కి స్క్రూ ఎక్కువ బిగుస్తుంది.

రింగులు వదులుగా ఉండగానే కంటి దూరం సరిచేయాలి. స్కోపుని పూర్తి జూమ్‌లో పెట్టండి, అక్కడే కంటి దూరం విషయంలో పట్టువిడుపు తక్కువ. కళ్ళు మూసుకుని, మామూలుగా కాల్చే భంగిమలో రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప ఆనించి కళ్ళు తెరవండి. చుట్టూ నల్లటి నీడ లేకుండా నిండు చిత్రం కనబడాలి. నిలబడి ఒకసారి, బెంచ్ మీద ఒకసారి, పడుకుని ఒకసారి చూడండి. చలికాలంలో మందం కోటు వేసుకుని వేటకి వెళ్ళేవాళ్ళు ఆ కోటు వేసుకునే చూడాలి.

తర్వాత అడ్డగీత సమంగా ఉందా అన్నది. గోడకి దారంతో ఒక బరువు వేలాడదీయండి. రైల్ మీద చిన్న లెవెల్ పెట్టి రైఫిల్‌ని సమం చేసి, స్కోపులో నిలువు గీత దారం మీద కలిసేలా ట్యూబుని తిప్పండి. రింగు స్క్రూలని ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, రెండువైపులా సందు సమానంగా ఉండేలా బిగించండి. బిగించేటప్పుడు ట్యూబు కాస్త తిరుగుతుంది, కాబట్టి దారంతో మళ్ళీ చూడండి. అంతా అయ్యాక ప్రతి స్క్రూ తల మీదుగా పెయింట్ పెన్నుతో ఒక సన్న గీత గీయండి. గీత విరిగితే స్క్రూ కదిలినట్టు. చార్జింగ్ హ్యాండిల్ లాగి చూడండి. స్కోపు వెనక భాగం వేళ్ళకి అడ్డం వస్తే పొడవు లాచ్ ఉన్న హ్యాండిల్ అవసరం.

7. జీరో

ఏఆర్ మీద సైటు బ్యారెల్ మధ్య నుంచి సుమారు 2.6 అంగుళాల పైన ఉంటుంది. ఈ ఒక్క అంకె అర్థమైతే జీరో అంతా అర్థమవుతుంది. తూటా కింద నుంచి పైకి వచ్చి చూపు గీతని కలవాలి. 55 గ్రెయిన్ల తూటాతో 50 గజాల జీరో పెడితే, 10 గజాల దగ్గర గుండు దాదాపు 2 అంగుళాల కిందా, 25 దగ్గర సుమారు 1.2 అంగుళాల కిందా తగులుతుంది. 100 దగ్గర ఒకటిన్నర అంగుళం పైకి వెళ్ళి, 200 గజాల చుట్టుపక్కల మళ్ళీ గీతని కలుస్తుంది. రెడ్ డాట్‌కీ వేటకీ నాకు ఇష్టమైనది ఇదే. స్కోపుతో కాగితం మీద కాల్చేవాళ్ళకి, టరెట్లు తిప్పేవాళ్ళకి 100 గజాల జీరో మేలు, లెక్క సులువు.

కంటి, చెవి రక్షణ పెట్టుకుని మొదటి గుండ్లు 25 గజాల్లో కాల్చండి, పెద్ద కాగితం మీద. 50 గజాల జీరో కోరుకుంటే ఇక్కడ గుండు గురికి 1.2 అంగుళాల కింద పడేలా సర్దండి. తర్వాత 50కి వెళ్ళి ఐదు గుండ్ల గుంపు కాల్చండి. ఒక్క గుండు చూసి టరెట్ తిప్పకండి, గుంపు మధ్య చూసి తిప్పండి. పావు ఎంఓఏ క్లిక్ అయితే 50 గజాల్లో అంగుళానికి సుమారు 8 క్లిక్కులు, అర ఎంఓఏ రెడ్ డాట్ అయితే సుమారు 4. ఐరన్ సైట్లకి ముందు పోస్ట్ కిందికి దిగితే గుండు పైకి పోతుంది. ఈ తలకిందుల లెక్క మర్చిపోయి డబ్బా మందుగుండు ఖర్చు చేసేవాళ్ళుంటారు.

జీరో కుదిరాక మందుగుండు పేరు, తూటా బరువు, దూరం, ఆ రోజు ఎండో చలో ఒక కార్డు మీద రాసి పెట్టుకోండి. బ్రాండు మారిస్తే గుంపు జరుగుతుంది, అది సైటు తప్పు కాదు.

కొన్ని వారాల తర్వాత గుంపు జరిగిందనిపిస్తే టరెట్ ముట్టుకోకముందే ఈ వరుసలో వెతకండి. మందుగుండు అదేనా? పెయింట్ గీతలు కలిసే ఉన్నాయా? మౌంట్ నట్లు చెప్పిన టార్క్ దగ్గర ఉన్నాయా? రింగుల్లో ట్యూబు ముందుకి జారిన గీత కనబడుతోందా? హ్యాండ్‌గార్డ్ చేత్తో పట్టి తిప్పితే కదులుతోందా, గ్యాస్ బ్లాక్‌ని తాకుతోందా? ఇవన్నీ సరిగ్గా ఉన్నా గుంపు జరుగుతుంటే బ్యారెల్ నట్‌ని గన్‌స్మిత్‌తో చూపించండి. తర్వాత అదే రైఫిల్ మీద, జీరో నిలబడుతుందని తెలిసిన ఇంకో స్కోపు పెట్టి కాల్చి చూడండి. దానితో గుంపు నిలబడితే అప్పుడు మీ స్కోపుని డబ్బాలో పెట్టి వారంటీకి పంపండి.